ఎలాగూ ఇంజన్ దించాం కదా!

రిపేరు కోసం, కాస్త పవర్ పెంచుకోవడం కోసం నా పాత కారు ఇంజన్ దించిన రోజు నుంచి తిరిగి ఎక్కించేదాకా షెడ్డులో నేను ఎక్కువగా విన్న మాట ఇదే. ఎలాగూ దించాం కదా, పిస్టన్లు కూడా మార్చేద్దాం. ఎలాగూ విప్పాం కదా, బోరు తీయించేద్దాం (సిలిండర్ రంధ్రాన్ని కాస్త పెద్దగా చెక్కించడం). ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదా, పెద్ద టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) వేసేద్దాం. మేస్త్రీ అంటాడు, బోరింగ్ షాపాయన అంటాడు, ఫోన్‌లో స్నేహితుడు అంటాడు, రాత్రి పడుకోబోయే ముందు మన మనసే అంటుంది. ఒక్కో 'ఎలాగూ' వెనక పది వేలో ముప్పై వేలో ఉంటాయి. నేను పక్కన పెట్టుకున్నది లక్షన్నర. ఏ 'ఎలాగూ'కి సరే అనాలో, దేనికి వద్దనాలో తేల్చుకోవడమే ఈ పని మొత్తంలో నా వంతు పని. మిగతాదంతా పానాలు పట్టుకున్నవాళ్లది.

కారు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 2000ల మధ్యలో మన దగ్గర అమ్మిన బండి. మన దేశంలో ముందుగా వచ్చిన టర్బో పెట్రోల్ కార్లలో ఒకటి కావడంతో ఇప్పటికీ దాని పేరు చెబితే చెవులు నిక్కపొడుచుకునే జనం ఉన్నారు. లోపల ఉన్నది ఫోక్స్‌వాగన్ గ్రూపువారి 1.8 టర్బో: 1781 సీసీ, ఇనప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, సిలిండర్‌కి ఐదు వాల్వుల చొప్పున మొత్తం 20. కంపెనీ లెక్క 150 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), 210 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్‌కి పెద్ద టర్బో పెట్టి ఆడి టీటీలోనూ ఎస్3లోనూ 225 పీఎస్ దాకా అమ్మారు. కాబట్టి ఈ బ్లాకుకి ఓపిక ఉందని కొత్తగా ఎవరూ నిరూపించక్కర్లేదు.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. ఆయిల్ తాగుతోంది, ఉదయం స్టార్ట్ చేస్తే నీలం పొగ, నాలుగో గేర్‌లో పికప్ నీరసం. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూస్తే మూడు సిలిండర్లు పది పదకొండు బార్‌ల దగ్గర ఉన్నాయి, మిగిలిన ఒక్కటి, మూడో నంబరుది, ఎనిమిది దాటట్లేదు. సిలిండర్ల మధ్య తేడా మూడు బార్‌ల దాకా ఉండొచ్చని కంపెనీ మాన్యువలే అంటుంది. అంటే మనది సరిగ్గా గీత మీద నిలబడి ఉంది. ఎటూ రిపేరు తప్పదు. అలాంటప్పుడు కాస్త పవర్ కూడా పెంచుకుందామన్న ఆశ పుట్టింది.

పానా పట్టకముందే ఒక కాగితం మీద రెండు అంకెలు రాసి షెడ్డు గోడకి అంటించాను: 200 పీఎస్, 300 న్యూటన్ మీటర్లు. అంతకు మించి వద్దు. ఈ రెండు అంకెలు రాసుకోకపోతే బడ్జెట్ అన్న మాటకి అర్థం ఉండదు. ఎందుకంటే ఈ ఇంజన్‌లో ఒక్కో అంకె దగ్గర ఒక్కో భాగం చేతులెత్తేస్తుంది. కంపెనీ ఇచ్చిన కే03 టర్బో రెండొందల పీఎస్ దగ్గర ఆయాసపడుతుంది. పిస్టన్‌ని క్రాంక్ అనే తిరిగే ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్లు నాలుగొందల న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో వంగుతాయన్నది ఈ ఇంజన్ మీద పనిచేసే ట్యూనర్లందరూ చెప్పే మాట. 300 దగ్గర ఆగితే పాత రాడ్లు, పాత పిస్టన్లు, పాత సైజు టర్బో, పాత గేర్‌బాక్స్ అన్నీ అలాగే ఉంచుకోవచ్చు. 350 కావాలంటే వీటిలో ఒక్కొక్కటీ బిల్లుగా మారుతుంది.

పని విజయవాడ ఆటోనగర్‌లో. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఇదొకటని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఎక్కువగా లారీలు, బస్సుల పనే. నాకు అదే కలిసొచ్చింది. లారీ ఇంజన్లు విప్పి బిగించే చోట బోరింగ్ మిషను, హోనింగ్ (సిలిండర్ గోడని రాళ్లతో సన్నగా రుద్దే) మిషను, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ (హెడ్డు అడుగుని చెక్కి చదును చేయడం) అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. కార్ల షోరూమ్‌లో అయితే ఇంజన్ విప్పడం కంటే హాఫ్ ఇంజన్ (హెడ్డు లేని కింది భాగం) కొత్తది తెప్పించుకోండి అనడమే ఎక్కువ.

విప్పిన రోజు సంప్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించగానే పంపు ఆయిల్ పీల్చుకునే పికప్ జాలీ కనిపించింది. సగానికి పైగా నల్లటి ముద్ద పట్టేసి ఉంది. గోరుతో గీకితే కొవ్వొత్తి మైనంలా వచ్చింది. ఈ ఇంజన్లకి ఇది పాత జబ్బే. టర్బో వేడికి ఆయిల్ మాడుతుంది, మార్చాల్సిన కాలానికి మార్చకపోతే, పైగా చవక రకం పోస్తే, ముద్దకట్టి జాలీలో కూర్చుంటుంది. అక్కణ్ణుంచి ముందు టర్బో బేరింగ్‌కి, తరువాత క్రాంక్ బేరింగ్లకి ఆయిల్ తగ్గిపోతుంది. రాడ్ బేరింగ్లు తీసి చూస్తే రెండింటి మీద రాగి రంగు తేలింది. జర్నల్‌కి (ఆ బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగానికి) మాత్రం గీత పడలేదు. మైక్రోమీటర్‌తో కొలిస్తే 47.8 మిల్లీమీటర్లు నిలబడి ఉంది. క్రాంక్ గ్రైండింగ్ తప్పింది. జాలీ కొత్తది, ఆయిల్ పంపు కొత్తది, టర్బోకి వెళ్లే సన్నటి ఆయిల్ పైపు కూడా కొత్తది. ఆ పైపు ఎగ్జాస్ట్ పక్కనుంచే వెళుతుంది కాబట్టి లోపల ఆయిల్ మాడి బొగ్గుకట్టి ఉంటుంది. దాన్ని ఊది వాడదామన్నాడు షెడ్డు కుర్రాడు. కొత్త టర్బో కోర్ (లోపల తిరిగే భాగం) వేసి పాత పైపు పెట్టడం కంటే ఆ డబ్బు కృష్ణలో వేయడం నయం. నేను మొదట 'సరే' అన్న 'ఎలాగూ' ఇదే.

మూడో సిలిండర్‌లో తక్కువ కంప్రెషన్‌కి కారణం పిస్టన్ తీశాక తెలిసింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు గాడిలోనే కార్బన్ పట్టి బిగుసుకుపోయాయి. పిస్టన్ మాత్రం బాగుంది, రింగుల మధ్య గట్లు ఎక్కడా చిట్లలేదు.

బోరింగ్ షాపు పెద్దాయన ఆ వీధిలో అందరికీ బాబాయే. నలభై ఏళ్లుగా లేలాండ్, టాటా లైనర్లతో గడిపిన మనిషి. హెడ్డు తిప్పి చూసి, "ఒక్కో సిలిండర్‌కి ఐదు వాల్వులా? ఇంత చిన్న గిన్నెలోనా?" అని నవ్వాడు. మూడు గాలి లోపలికి, రెండు పొగ బయటికి అని చెప్పాను. "బోరు తీసేద్దాం బాబూ, ఎలాగూ ఇంజన్ దించారు కదా, అర మిల్లీ ఓవర్‌సైజు వేసేస్తే కొత్తదానితో సమానం" అన్నాడు. ఆయన దృష్టిలో అది న్యాయమే. లారీకి ఓవర్‌సైజు పిస్టన్ పక్క వీధిలో దొరుకుతుంది. ఈ బండికి ఓవర్‌సైజు పిస్టన్లు బయటినుంచి తెప్పించాలి. వాటి ఖరీదే నా బడ్జెట్‌లో సగం తినేస్తుంది.

"ముందు కొలుద్దాం బాబాయ్" అన్నాను. ఈ ఇంజన్ బోరు 81.01 మిల్లీమీటర్లు. అరిగినా 0.08 దాకా మాన్యువల్ ఒప్పుకుంటుంది. బోర్ గేజ్‌తో ఒక్కో సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద, అదీ క్రాంక్‌కి అడ్డంగానూ నిలువుగానూ కొలిచాం. నేను అంకెలు రాసుకుంటుంటే ఆయనకి మొదట్లో విసుగొచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ అరుగుదల మూడో సిలిండర్ పై అంచులో ఉంది, అదీ 0.03. అంటే బోరు అక్కర్లేదు, హోనింగ్ చేసి కొత్త రింగులు వేస్తే చాలు. ఈ కొలతల గంటసేపే నాకు అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చింది.

ఇక్కడే ఒక పని అదనంగా చేయించాను, దానికి ఆయన మొదట ఒప్పుకోలేదు. హెడ్డు బోల్టులు బిగించినప్పుడు బ్లాకు పైభాగం కొద్దిగా లాగినట్టై బోరు గుండ్రదనం పోతుంది. విప్పి ఉన్న బ్లాకుని ఎంత అందంగా హోన్ చేసినా, హెడ్డు బిగించగానే ఆకారం మారుతుంది. అందుకే రేస్ ఇంజన్లు చేసేవాళ్లు హెడ్డు బదులు మందపాటి ఇనప పలకని బిగించి, ఆ బిగువులో హోన్ చేస్తారు. దాన్ని టార్క్ ప్లేట్ అంటారు. మన దగ్గర ఈ ఇంజన్‌కి అది అద్దెకి కూడా దొరకదు. పక్క లేత్ వర్క్స్‌లో నలభై మిల్లీమీటర్ల మందం ఉన్న తుక్కు పలక ఒకటి పడి ఉంది. పాత హెడ్ గ్యాస్కెట్‌ని అచ్చుగా పెట్టి బోల్టు రంధ్రాలు, బోరు కంటే కొద్దిగా పెద్దగా నాలుగు గుండ్రటి రంధ్రాలు తీయించాం. పలక కింద ఆ పాత గ్యాస్కెట్‌నే వేసి, పాత హెడ్డు బోల్టులతో, హెడ్డుకి ఇచ్చే బిగువే ఇచ్చాం.

మళ్లీ బోర్ గేజ్ దించమన్నాను. బాబాయ్ గేజ్ దించి, ముల్లు చూసి, తీసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ దించాడు. బోల్టుల దగ్గర వందో వంతు మిల్లీమీటరు పైచిలుకు లోపలికి వచ్చింది. "బిగిస్తే బోరు ముడుచుకుంటదా!" అన్నాడు. ఆ తరువాత ఆయన్ని బతిమాలాల్సిన పని లేకపోయింది. రాళ్లు మార్చి మార్చి, చివర్లో సన్న రాయితో, గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకునేలా నాలుగు బోర్లూ పూర్తిచేశాడు. ఆ గీతల్లోనే ఆయిల్ నిలబడుతుంది, ఆ గరుకు మీదే కొత్త రింగు కూర్చుంటుంది. పలక ఖర్చు ఒక మంచి టైరు ధర కూడా కాలేదు. ఇప్పుడది బాబాయ్ షాపు గోడకి వేలాడుతోంది. ఇంకో 1.8 టర్బో వస్తే వాడతాడట.

రింగుల సంగతి కూడా ఇలాంటిదే. పెట్టెలోంచి తీసి వేసేయడం మామూలు బండికి సరిపోతుంది. బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) పెంచితే వేడి పెరుగుతుంది, రింగు సాగుతుంది, రెండు కొసలూ ఒకదానికొకటి తగులుకుంటే ఇక వెళ్లడానికి చోటుండదు. అప్పుడు విరిగేది పిస్టన్ గట్టు. ఈ ఇంజన్‌కి కంపెనీ చెప్పే పై రింగు గ్యాప్ 0.20 నుంచి 0.40. నేను పై అంచుకే వెళ్లాను, 0.40 దాకా. రెండో రింగుకి ఇంకాస్త ఎక్కువ. ఒక్కో రింగుని దాని సొంత బోర్‌లో పిస్టన్‌తో చదరంగా నెట్టి, ఫీలర్ గేజ్ దూర్చి చూసి, తీసి, కొస మీద సన్నటి ఆకురాయి ఒకటి రెండు సార్లు లాగి, మళ్లీ పెట్టి చూడాలి. ఒకసారి ఎక్కువ లాగితే ఆ రింగు పనికిరాదు. ఓపికున్నవాళ్లు ఇంట్లో చేసుకోదగ్గ పని, నేను అలాగే చేశాను.

ఇక రాడ్ల పంచాయితీ. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడికీ ఇదే ఇంజన్ ఉంది, వాడు పెద్ద టర్బో వేశాడు. "ఒరేయ్, ఎలాగూ పిస్టన్లు బయట ఉన్నాయి, ఫోర్జ్‌డ్ రాడ్లు వేసెయ్. రేపు టర్బో మార్చాలనిపిస్తే మళ్లీ దించుతావా?" అని రోజూ ఫోన్. వాడి మాటలో తప్పు లేదు, వాడి బండికి. రాడ్డుని వంచేది స్పీడు కాదు, సిలిండర్‌లో ఒత్తిడి. ఆరు వేల ఆర్‌పీఎంలో కంటే మూడు వేల దగ్గర, చిన్న టర్బో ఒక్కసారిగా బూస్ట్ కొట్టినప్పుడే రాడ్డు మీద అసలు భారం పడుతుంది. ఆ కుదుపుని మ్యాప్‌లోనే (ఇంజన్ కంప్యూటర్‌లో ఉండే సెట్టింగుల ఫైలులోనే) నెమ్మది చేసి, టార్క్‌ని 300 దగ్గర కట్టేస్తే, ఈ రాడ్లకి వచ్చిన ప్రమాదమేమీ లేదు. రాడ్లు, కస్టమ్స్ సుంకం కలిపితే నలభై వేల దగ్గర తేలింది. ఆ నలభై వేలు నాకు టర్బో కోర్, టైమింగ్ కిట్. రాడ్లు వద్దన్నాను.

వద్దంటే అలాగే వదిలేయడం కాదు. నాలుగింటినీ వంపు ఉందేమో ఫిక్స్చర్ మీద చూపించాం, పెద్ద రంధ్రం గుండ్రదనం కొలిపించాం, బోల్టులు మాత్రం కొత్తవి వేశాం. అవి ఒకసారి సాగదీసి బిగించేవి, తిరిగి వాడకూడదు. 30 న్యూటన్ మీటర్లు, ఆపైన పావు తిప్పుడు. ఎవరైనా రాడ్లు వేయాలనే అనుకుంటే ఒక్క సంగతి: ఈ కుటుంబంలో పాత ఇంజన్లకి పిస్టన్ పిన్ను 20 మిల్లీమీటర్లు, తరువాతి వాటికి 19. ఆర్డర్ పెట్టేముందు వెర్నియర్‌తో కొలుచుకోండి.

హెడ్డు దగ్గర ఒక చిన్న గొడవ. షాపు కుర్రాడు వాల్వుల్ని అలవాటుగా గ్రైండింగ్ మిషను దగ్గరికి పట్టుకెళ్లబోయాడు. ఈ ఇంజన్‌లో వాల్వు ముఖాన్ని చెక్కకూడదు, పేస్టు పెట్టి సీటు మీద రుద్దడం, అంటే లాపింగ్ చేయడం వరకే అనుమతి. ఎగ్జాస్ట్ వాల్వుల కాడలో సోడియం నింపి ఉంటుంది, వేడిని తొందరగా కాడలోకి లాగడానికి. అవి కోసి తుక్కులో పడేసేవి కూడా కావు, నీళ్లు తగిలితే సోడియం భగ్గుమంటుంది. ఇరవై వాల్వులు చేత్తో లాప్ చేయడానికి పట్టిన సమయం గురించి మేస్త్రీ ఇప్పటికీ నన్ను దెప్పుతుంటాడు. స్టెమ్ సీళ్లు కొత్తవి, హెడ్డు ఫేసింగ్ మాత్రం వద్దన్నాను. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూస్తే వంకర లేదు. లేని జబ్బుకి చెక్కితే కంప్రెషన్ రేషియో పెరుగుతుంది, టర్బో బండికి అది మంచిది కాదు.

టర్బో సైజు పాతదే, లోపలి కోర్ మాత్రం బ్యాలెన్స్ చేసింది కొత్తగా వేశాం. ఎగ్జాస్ట్ వైపు ఇనప డిప్పని గట్టిగా చూసుకోవాలి, వేస్ట్‌గేట్ (మిగులు పొగని టర్బో పక్కనుంచి పంపేసే తలుపు) రంధ్రం దగ్గర పగుళ్లు ఈ టర్బోలకి మామూలే. నాదానికి వెంట్రుకంత గీత ఉంది గానీ రంధ్రం సీటు దాకా రాలేదు, కాబట్టి ఉంచాను. టైమింగ్ బెల్ట్, టెన్షనర్లు, ఇనప ఇంపెల్లర్ ఉన్న వాటర్ పంపు కొత్తవి. పాత పంపు ప్లాస్టిక్ ఇంపెల్లర్‌ది, అది ఎప్పుడు చిట్లుతుందో చెప్పలేం. ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి. ఇక్కడ బేరం ఆడేవాడికి దణ్ణం పెట్టాలి. క్లచ్ ప్లేట్ కూడా అప్పుడే మార్చాం. గేర్‌బాక్స్ ఎలాగూ విడదీశాం కదా! ఒక్కోసారి ఆ మాట నిజంగానే నిజం.

ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) మాత్రం సొంత తిప్పలు. కంపెనీది చిన్నది, ముందు చక్రం గుంతలో ఓ మూల ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండలో అది ఎంత చల్లబరుస్తుందో ఊహించుకోండి. ఇన్‌టేక్ గాలి వేడెక్కితే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది, బూస్ట్ ఉన్నా పవర్ రాదు. తుక్కు కొట్టులో ఒక డీజిల్ ఎస్‌యూవీ ఇంటర్‌కూలర్, వంపు ఫిన్లు సరిచేసుకుని వాడదగ్గది, దొరికింది. లోపల పాత ఆయిల్ పోయేదాకా కడిగి, బంపర్ వెనక అమర్చి, అల్యూమినియం గొట్టాలు టిగ్ వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్ షాపువాడికి ఇచ్చిందే దాని ధర కంటే ఎక్కువ.

బిగింపు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. శుభ్రంగా కడగడం, ప్లాస్టిగేజ్‌తో (ఎంత నలిగిందో చూసి గ్యాప్ తెలుసుకునే సన్నటి ప్లాస్టిక్ పోగు) బేరింగ్ గ్యాప్ చూడటం, నాకు 0.04 మిల్లీమీటర్లు వచ్చింది, టార్క్ రెంచ్‌తో వరస తప్పకుండా బిగించడం. ఇంజన్ ఎక్కించాక స్టార్ట్ చేసేముందు కాయిల్స్ పీకేసి, ఆయిల్ లైట్ ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పాం. టర్బోలో ముందే ఆయిల్ పోశాం. స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో గంటలు గంటలు వదిలేయమన్నాడు మేస్త్రీ, పాత పద్ధతి అది. కొత్త రింగులు కూర్చోవాలంటే వాటి వెనక ఒత్తిడి కావాలి. లీకులు చూసుకుని, అదే రోజు గన్నవరం రోడ్డులో మధ్య ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ సగం దాకా నొక్కడం, వదిలేసి ఇంజన్ బ్రేక్‌తో తగ్గించడం, మళ్లీ నొక్కడం. తిరిగొచ్చి వెంటనే ఆయిల్, ఫిల్టర్ మార్చేశాం. ఆ తరువాత నుంచి ఫోక్స్‌వాగన్ 502.00 స్పెక్ ఉన్న 5డబ్ల్యూ-40 ఆయిల్ మాత్రమే పోస్తున్నాను.

రన్నింగ్ పట్టాక కంప్రెషన్ నాలుగు సిలిండర్లూ పన్నెండు బార్‌ల చుట్టూ, తేడా అర బార్ లోపు. పొగ పోయింది. ఇంకా మ్యాప్ వేయకుండానే బండి కొత్తగా అనిపించింది. పాత బండిలో తప్పిపోయిన గుర్రాల్ని ముందు వెనక్కి తెచ్చుకోవాలి, కొత్తవాటి సంగతి తరువాత. రీమ్యాప్ చేయించాక పొగలు కక్కుతున్న బండ్లు ఆటోనగర్‌లో చాలానే కనిపిస్తాయి, వాటి అసలు జబ్బు ఇదే.

మ్యాప్‌కి వెళ్లేముందు బూస్ట్ లీకులు వెతికాం. ప్లంబింగ్ షాపులో కొన్న పీవీసీ మూతకి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి, టర్బో మూతికి తొడిగి, కంప్రెసర్‌తో ఒక బార్ గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు చల్లడమే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, చెయ్యి దూరని చోట, క్రాంక్‌కేస్ గాలి గొట్టం ఒకటి చిట్లి బుస్సుమంటోంది. రెండొందల రూపాయల రబ్బరు ముక్క. దాన్ని వదిలేసి ఉంటే ఈసీయూ తప్పు లెక్కలతో మ్యాప్ అంతా తప్పు దారి పట్టేది.

మ్యాప్ హైదరాబాద్‌లో చేయించాను. కంపెనీ బూస్ట్ అరబార్ పైచిలుకు. దాన్ని మధ్య ఆర్‌పీఎంలో 1.1 బార్‌ల దాకా పెంచి, పైకి వెళ్లేకొద్దీ 0.8కి దించాం. లెక్క తేలికే: బయటి గాలి ఒత్తిడి కలుపుకుని ఒకటిన్నర బార్‌లకి 210 న్యూటన్ మీటర్లు వస్తుంటే, రెండు బార్‌లు దాటితే 300 దగ్గరికి వస్తుంది. ట్యూనర్ ఒక్క రోజులో ఫైలు ఇచ్చేసి పంపుతానన్నాడు. లాగ్స్ (బండి నడుస్తుండగా ఈసీయూ చూపే అంకెల రికార్డు) చూడకుండా తీసుకోనన్నాను. ల్యాప్‌టాప్ పెట్టి చూసింది మూడే: ఈసీయూ డేటా 115వ బ్లాకులో అడిగిన బూస్ట్‌కీ వచ్చిన బూస్ట్‌కీ తేడా, 020లో సిలిండర్‌వారీగా నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) వల్ల టైమింగ్ ఎంత వెనక్కి వెళుతోందో, 032లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత పెంచి తగ్గించి సర్దుతోందో). మొదటి ఫైలుకి నాలుగో సిలిండర్‌లో ఆరు డిగ్రీలు వెనక్కి లాగుతోంది. టైమింగ్ కాస్త తగ్గించి, బూస్ట్ ఎక్కే వేగాన్ని కాస్త మందం చేశాక రెండు డిగ్రీల లోపుకి వచ్చింది. కొత్త ఇంటర్‌కూలర్‌తో గాలి వేడి కూడా వరసగా పరుగులు తీసినా అంతకు ముందున్నంత పైకి పోవట్లేదు. డైనో (పవర్ కొలిచే మిషను) మీద చక్రాల దగ్గర 160 పైన, క్రాంక్ దగ్గర లెక్క వేస్తే 190 చిల్లర. కాగితం మీద రాసిన 200కి కాస్త తక్కువే. ట్యూనర్ ఇంకో పది లాగిస్తానన్నాడు. కే03 అప్పటికే పైన ఆయాసపడుతోంది, వద్దన్నాను.

చట్టం సంగతి దాచడం ఇష్టం లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే నిలబెట్టింది. రిపేరు వేరు, పవర్ పెంచడం వేరు. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ఈ తేడా పట్టుకుంటారు. నా దగ్గర కంపెనీ ఫైలు అలాగే ఉంది, రోడ్డు మీద అదే. కొత్త ఫైలు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లినప్పుడే ఎక్కిస్తాను. క్యాటలిటిక్ కన్వర్టర్ తీయించలేదు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఎలాగూ తనిఖీకి వెళ్లాలి, అక్కడ ఇంజన్ నంబరు, పొగ రెండూ చూస్తారు.

మొత్తం లెక్క లక్షన్నరని పన్నెండు వేలు దాటింది. అందులో ఎక్కువ భాగం బయటికి కనిపించని వాటికే పోయింది: రింగులు, బేరింగ్లు, గ్యాస్కెట్లు, బోల్టులు, హోనింగ్. బానెట్ తెరిచి చూపించడానికి ఆ వెల్డింగ్ గొట్టాలు తప్ప ఏమీ లేవు. స్నేహితుడు మాత్రం రాడ్ల విషయంలో ఇంకా ఒప్పుకోలేదు.

ఇప్పుడున్న తలనొప్పి పెట్రోలు. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, ఇది దాని కోసం చేసిన ఇంజన్ కాదు. ఇథనాల్‌కి అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి, అందుకే 032లో ట్రిమ్ ప్లస్‌లోకి జరిగింది. ఈసీయూ సర్దుకుంటోంది గానీ పాత రబ్బరు ఫ్యూయల్ పైపులు మార్చాల్సి వచ్చింది. ట్రాక్‌కి వెళ్లే ముందు ఎక్కువ ఆక్టేన్ (నాక్‌ని తట్టుకునే గుణం) ఉన్న పెట్రోలు పోయిస్తాను, అప్పుడు నాలుగో సిలిండర్ నాక్ దాదాపు సున్నాకి వస్తోంది. మామూలు పెట్రోలుతో కొత్త ఫైలు ఎక్కించను. రెండు రకాలతో తీసిన లాగ్స్ ట్యూనర్‌కి పంపాను, మామూలు పెట్రోలుకి టైమింగ్ తగ్గించిన ఇంకో ఫైలు ఇస్తానన్నాడు.